‘నేనెక్కడ పడుకోవాలి?’: మనవల్ని తెచ్చుకున్న ఇంట్లో పక్కల లెక్క

మా పెద్దమ్మ ఇంటికి పిల్లలిద్దరూ శాశ్వతంగా వచ్చేసిన రాత్రి నేను అక్కడే ఉన్నాను. తెనాలి దగ్గర పల్లెటూరు. అక్కా బావా రోడ్డు ప్రమాదంలో పోయారు. పెద్దకర్మ అయిపోయింది, చుట్టాలు ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోయారు. అన్నాలు తిన్నాక ఏడేళ్ల పిల్లాడు చంకలో దిండు పెట్టుకొని మధ్య గది గుమ్మంలో నిలబడ్డాడు. “అమ్మమ్మా, నేనెక్కడ పడుకోవాలి?” అన్నాడు. “ఎక్కడైనా పడుకో నాన్నా, మనిల్లేగా!” అంది పెద్దమ్మ. ఎంత ప్రేమగా అందో నాకు తెలుసు. పిల్లాడు మాత్రం గుమ్మం దగ్గరి నుంచి కదల్లేదు.

వేసవి సెలవులకు వచ్చినప్పుడు ఇదే పిల్లాడు ఒకరోజు డాబా మీద, ఒకరోజు తాతయ్య మంచం మీద, ఇంకోరోజు హాల్లో చాప మీద పడుకునేవాడు. అప్పుడది సరదా. సెలవులైపోతే వెళ్లి పడుకోవడానికి సొంత మంచం ఒకటి ఉండేది కదా. ఇప్పుడు అది లేదు. “ఎక్కడైనా పడుకో” అంటే వాడికి “నీకంటూ ఇక్కడ ఒక చోటు లేదు” అని వినపడింది.

ఆ తర్వాత కోర్టు పనులకు పెద్దమ్మ వెంట తిరిగింది నేనే. మా సంగతి తెలిసి, మనవల బాధ్యత నెత్తిన పడిన మరో నాలుగైదు కుటుంబాల వాళ్లు నన్ను సలహా అడిగారు. అందరిదీ ఒకటే టెన్షన్: “మాకున్నవి రెండు గదులే. పిల్లలకు వేరే గది లేకపోతే కోర్టు ఇస్తుందా?” ఈ ప్రశ్నలో మూడు విషయాలు కలగలిసిపోయాయి. చట్టం అడిగేది ఒకటి, ఇంట్లో ఉన్న జాగా ఒకటి, పిల్లలకు కావాల్సింది ఇంకొకటి. మూడింటినీ విడదీస్తే సగం భయం పోతుంది.

ముందు చట్టం. తల్లిదండ్రులు లేని పిల్లలకు సంరక్షకులుగా ఎవరిని పెట్టాలో కోర్టు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం తేలుస్తుంది. పిల్లలు మామూలుగా ఏ ఊళ్లో ఉంటారో ఆ జిల్లా కోర్టులోగానీ, ఫ్యామిలీ కోర్టు ఉన్నచోట అక్కడగానీ పిటిషన్ వేయాలి. కోర్టు చూడాల్సినవి ఆ చట్టంలోని 17వ సెక్షన్‌లో ఉన్నాయి. పిల్లల వయసు, ఆడా మగా, మతం, అడుగుతున్న వ్యక్తి నడవడిక, పెంచగల సామర్థ్యం, ఎంత దగ్గరి చుట్టం, చనిపోయిన తల్లిదండ్రులు ఏమైనా కోరారా అన్నవి చూస్తారు. తెలివిడి వచ్చిన పిల్లలైతే వాళ్ల ఇష్టాన్నీ లెక్కలోకి తీసుకోవచ్చు. హిందువుల విషయంలో 1956 నాటి హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం పిల్లల క్షేమమే అన్నిటికన్నా ముఖ్యమని చెబుతుంది. ఇన్ని గదులుండాలని, తలా ఒక మంచం ఉండాలని ఈ రెండు చట్టాల్లో ఎక్కడా లేదు.

2022 జూన్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి వచ్చింది. ఇలాంటి ఇళ్లవాళ్లందరూ తెలుసుకోవాల్సిన తీర్పు అది. 2021లో కోవిడ్ వల్ల ఒక నెల తేడాలో తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్న చిన్నపిల్లాడి కేసు. అహ్మదాబాద్‌లో ఉండే తాత, నానమ్మ ఒకవైపు, దాహోద్‌లో ఉండే పిన్ని ఇంకోవైపు. తాతకు 71 ఏళ్లు, నానమ్మకు 63. పిన్ని వయసులో చిన్నది, ప్రభుత్వ ఉద్యోగం, ఉమ్మడి కుటుంబం. ఇవన్నీ చూసి గుజరాత్ హైకోర్టు పిల్లాణ్ణి పిన్నికి అప్పగించింది. సుప్రీంకోర్టు దాన్ని మార్చి తాత, నానమ్మలకే ఇచ్చింది. ఆదాయం, వయసు, పెద్ద కుటుంబం ఉండడం మాత్రమే చూసి నిర్ణయించకూడదని చెప్పింది. పిన్నికి పిల్లాణ్ణి వచ్చి చూసుకొనే వీలు కల్పించింది. ఎవరిది పెద్ద సంసారం అన్నదాని మీద ఈ కేసులు తేలవని దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. తల్లి పోయి తండ్రి బతికే ఉంటే తండ్రే సహజ సంరక్షకుడు. పాప ఇన్నాళ్లూ మా పక్కలోనే పడుకుందన్న ఒక్క మాట మీద కేసు నిలవదు. 2019లో సుప్రీంకోర్టు, తల్లి చనిపోయాక మేనమామల దగ్గరో పిన్నమ్మల దగ్గరో పెరుగుతున్న పసిపిల్లల విషయంలో తండ్రి హక్కు ఎంత బలమైనదో చెబుతూ ఒక పాపను తండ్రికే అప్పగించింది. తల్లిదండ్రుల్లో ఒకరు బతికుండి, గల్ఫ్‌కో హైదరాబాద్‌కో వెళ్తూ పిల్లల్ని మీ దగ్గర వదిలితే ఆ మాట కాగితం మీద రాయించుకోండి. బడికి, ఆసుపత్రికి అదే ఆధారం అవుతుంది.

మరి వేరే గది ఉండాలన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? చాలామటుకు ఫోన్లో వెతికితే దొరికే అమెరికా నిబంధనల నుంచి. అక్కడ పిల్లల్ని ప్రభుత్వం వేరే కుటుంబాలకు అప్పగించేటప్పుడు పడకగది గురించి, మంచం గురించి రాష్ట్రానికో రూలు ఉంటుంది. తాతలు, అమ్మమ్మలు ఆ రూల్స్ దాటలేక అవస్థ పడుతున్నారని అక్కడి కేంద్ర ప్రభుత్వమే 2023లో, సొంత బంధువులకు వేరే ప్రమాణాలు పెట్టుకోవచ్చని రాష్ట్రాలకు వీలిచ్చింది. మన దగ్గర జాగా కొలత ఉన్నది పిల్లల హోమ్‌లకు. జువెనైల్ జస్టిస్ నియమాల్లో 25 మంది పిల్లలు పడుకునే హాలుకు 1,000 చదరపు అడుగులని ఉంది. అంటే మనిషికి 40. సొంతవాళ్ల ఇంటికి ఆ లెక్క వర్తించదు. వర్తిస్తే మన ఇళ్లలో ఎన్ని నిలుస్తాయి? 2011 జనగణన ప్రకారం దేశంలో సుమారు 37 శాతం కుటుంబాలకు ఉన్నది ఒక్కటే గది.

అయితే కోర్టో, బాలల సంక్షేమ కమిటీయో అడిగితే ఒక సామాజిక కార్యకర్త ఇంటికొచ్చి చూసి నివేదిక రాస్తారు. మా ఇంటికి వచ్చినావిడ సుమారు నలభై నిమిషాలు ఉంది. వంటిల్లు చూసింది, బాత్రూమ్ తలుపుకు గడియ ఉందో లేదో చూసింది, బడి సంగతులు అడిగింది. చివర్లో పిల్లాణ్ణి పిలిచి, “నువ్వు రాత్రిపూట ఎక్కడ పడుకుంటావ్ నాన్నా?” అంది. వాడు ఆవిడ చెయ్యి పట్టుకొని హాల్లోకి తీసుకెళ్లి, కిటికీ కింద ఉన్న మంచం చూపించి, దాని కింద నుంచి రేకుపెట్టె లాగాడు. అందులో వాడి బట్టలు, రెండు బొమ్మకార్లు, వాళ్ల నాన్న చేతి గడియారం ఉన్నాయి. ఆవిడ మూత తనే వేసి, పెట్టెను జాగ్రత్తగా లోపలికి నెట్టింది.

ఆ మంచం ఆ కిటికీ కిందకి రావడానికి నాలుగు నెలల పైనే పట్టింది. జాగా లేదన్నది మా ఇంట్లో పూర్తిగా నిజం కాదు. జాగా అంతా వస్తువులే ఆక్రమించాయి. మధ్య గదిలో ఒక మూల ఆరు బియ్యం బస్తాలు, ఇంకో మూల పాడైపోయిన కుట్టుమిషను, అటక మీద సరిపోక కిందికి దిగిన ఇత్తడి గుండిగలు. మామూలు మంచం ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. అంటే 18 చదరపు అడుగులు. పది బై పది గదిలో అలాంటివి రెండు వేసినా మధ్యలో నాలుగడుగుల దారి మిగులుతుంది. అదే గదిలో డబుల్ కాట్ ఒకటి, బీరువా ఒకటి ఉంటే ఇంకేమీ పట్టదు. అందుకే కొత్తగా ఏం కొనాలో ఆలోచించే ముందు ఏది బయటికి వెళ్లాలో చూడండి. బస్తాలు వసారాలోకి వెళ్లాయి, ఎలుకలు తగలకుండా డ్రమ్ముల్లో పోశాం. గుండిగలు అమ్మడానికి పెద్దమ్మకు మనసొప్పలేదు. వాటిని మా ఇంటికి తెచ్చాను.

పదకొండేళ్ల పాప, ఏడేళ్ల పిల్లాడు. ఇద్దర్నీ ఒకే చోట పడుకోబెట్టాలా, వేరువేరుగానా అన్నది అసలు చిక్కు. పెద్దనాన్నది ఒకటే మాట: “ఆడపిల్ల పెద్దదవుతోంది, విడిగా ఉండాలి.” ఆయన అన్నదాంట్లో తప్పులేదు. ఏడాదో రెండేళ్లో పోతే పాపకు బట్టలు మార్చుకోవడానికి, నెలసరి రోజుల్లో రాత్రి లేచి వెళ్లడానికి ఎవరి కంటా పడని వీలు ఉండాలి. కానీ అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న పిల్లలకు మొదటి నెలల్లో మిగిలిన ధైర్యం ఒకరికొకరే. తమ్ముడి ఊపిరి వినపడితేనే అక్కకు నిద్ర పట్టేది. మేము మొదటి నాలుగు నెలలు ఇద్దర్నీ మధ్య గదిలోనే, పెద్దమ్మకు అటొకరు ఇటొకరుగా పడుకోబెట్టాం. తర్వాత పిల్లాడి మంచాన్ని మెల్లగా హాల్లోకి జరిపాం. ముందు గుమ్మం దగ్గరికి, వారం తర్వాత గుమ్మం అవతలికి, ఆ తర్వాత కిటికీ కిందకి. గుమ్మానికి తలుపు వేయకుండా మందపాటి తెర కట్టాం. పాపకు చాటు దొరికింది, పిల్లాడికి అక్క గొంతు వినపడేది. పిల్లలు చిన్నవాళ్లైతే ఇంత తొందర అక్కర్లేదు. పన్నెండు దాటిన పిల్లలుంటే మాత్రం మొదటి వారంలోనే ఆ తెర కట్టండి.

ఆ తర్వాత టీవీ. దీని మీద ఇంట్లో పెద్ద గొడవే అయింది, నేనూ గట్టిగానే మాట్లాడాను. పిల్లాడి మంచం హాల్లో, టీవీ హాల్లో. పెద్దనాన్న తొమ్మిదిన్నర దాకా వార్తలు చూస్తారు. ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. పదమూడు దాటితే ఎనిమిది నుంచి పది గంటలు. మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకైతే పగటి నిద్రతో కలిపి పది నుంచి పదమూడు. బడి బస్సు ఏడున్నరకు వస్తుంది, ఆరింటికి లేవాలి. పదింటికి లైటు తీస్తే పిల్లాడికి దక్కేది ఎనిమిది గంటలే. హాల్లో పడుకునే పిల్లల నిద్ర ఎప్పుడు మొదలవుతుందో వాళ్ల చేతిలో ఉండదు, ఇంట్లో ఆఖరున టీవీ ఆపేవాళ్ల చేతిలో ఉంటుంది. బడిలో కునికిపాట్లు పడుతున్నాడని టీచరు చెప్పాకగానీ పెద్దనాన్న ఒప్పుకోలేదు. టీవీ ఇప్పుడు వసారాలో గోడకుంది. ఎనిమిదిన్నరకు హాల్లో లైటు తీసేస్తారు. డెబ్బై ఏళ్ల మనిషి తన రాత్రి అలవాటును వదులుకోవడం చిన్న విషయం కాదు. ఆయన వదులుకున్నారు.

మన ఇళ్లలో ఇంకో ఆనవాయితీ ఉంది. చుట్టాలొస్తే ముందు లేపేది పిల్లల్నే. “బాబాయి వచ్చాడు, నువ్వు కింద చాప మీద పడుకోమ్మా” అంటాం. అమ్మానాన్నల దగ్గర పెరిగే పిల్లలకు అది మామూలే. ఈ పిల్లలకు అలా చేయకండి. సంక్రాంతికి మా ఇంటికి తొమ్మిది మంది చుట్టాలు వచ్చారు. పిల్లల మంచాలు రెండూ కదల్చలేదు. పెద్దవాళ్లమే కింద జంపఖానాలు పరుచుకున్నాం. ఒకరిద్దరు మొహం ముడుచుకున్నారు. ముడుచుకోనివ్వండి.

దీనికి ఇంకో కారణం కూడా ఉంది. పిల్లల మీద అఘాయిత్యాల కేసుల్లో నిందితులు ఎక్కువగా వాళ్లకు తెలిసినవాళ్లే అని పోలీసు లెక్కలు ఏటా చెబుతున్నాయి. అండ పోయిన పిల్లలు ఎవరితో చెప్పుకోవాలో తెలియక నోరు మెదపరు. రాత్రిపూట పిల్లల పక్కన ఎవరు పడుకుంటారన్నది ఇంటి పెద్దలు ముందే తేల్చుకోవాలి. వచ్చిన చుట్టం ఎంత దగ్గరివాడైనా సరే, పిల్లల గదిలో పక్క వేయకూడదు. దీన్ని అనుమానంగా కాకుండా ఇంటి పద్ధతిగా పెట్టుకుంటే ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు వాళ్లకు నోటికి వచ్చేలా చెప్పండి.

పిల్లాడు రెండో వారంలో పక్క తడపడం మొదలుపెట్టాడు. మూడేళ్లకే మానేసిన అలవాటు. పెద్ద నష్టం జరిగాక పిల్లల్లో ఇది తిరిగి రావడం మామూలు విషయం. చాలామందిలో మెల్లగా తగ్గిపోతుంది. మంటగా ఉందన్నా, పగలు కూడా జరుగుతున్నా, నెలల తరబడి తగ్గకపోయినా డాక్టరుకు చూపించాలి. ఇంట్లో చేయాల్సిందల్లా పరుపు మీద రెగ్జిన్ షీటు వేసి, దాని మీద పాత దుప్పటి మడిచి వేయడం. రెండోది తలవైపు సిద్ధంగా ఉంచితే అర్ధరాత్రి లైటు వేయకుండానే మార్చేయొచ్చు. తడిసిన దుప్పటిని వీధివైపు తీగ మీద ఆరేయకండి. మా పెద్దమ్మ మొదట్లో అలాగే ఆరేసింది, ఆమెకు వేరే ఆలోచన లేదు. పక్కింటి పిల్లలు చూసి నవ్వారు. వీడు ఆ సాయంత్రం ఆడుకోవడానికి వెళ్లలేదు. మర్నాటి నుంచి దొడ్డివైపు ఆరేసింది.

పాపది వేరే సంగతి. వాళ్లమ్మ చీరలు నాలుగు కలిపి పెద్దమ్మ బొంత కుట్టింది. కుట్టాక, శుభ్రంగా ఉండాలని ఉతికింది. పాప కప్పుకొని, ముక్కుకు దగ్గరగా పెట్టుకొని, ఏమీ అనకుండా మడిచి పక్కన పెట్టేసింది. ఉతకని చీర ఇంకొకటి బీరువాలో దొరికేదాకా, పాప వెతికింది వాళ్లమ్మ వాసన కోసమని ఎవరికీ అర్థం కాలేదు. పోయినవాళ్ల బట్టలు, దిండు గలీబులు వెంటనే ఉతికేసి, పంచిపెట్టేసి ఇల్లు ‘శుభ్రం’ చేసుకోవాలనే తొందర మనకు చాలా ఉంది. ఒక్కటైనా ఉతక్కుండా పిల్లల కోసం దాచండి.

పసిపిల్లలు వచ్చిన ఇళ్లకు జాగ్రత్తలు వేరు. ఏడాదిలోపు పిల్లల్ని వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండు లేకుండా పడుకోబెట్టాలి. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు కూడా వద్దు. చీరతో కట్టిన ఉయ్యాల పగటిపూట మనం చూస్తుండగా ఫర్వాలేదు. రాత్రంతా అందులో వదిలితే మెడ వంగి, గడ్డం గుండెకు ఆనుకుని ఊపిరి ఇబ్బంది అవుతుంది. నిద్రమాత్రలు వేసుకునే పెద్దవాళ్లు పసిబిడ్డను తమ పక్కలో పడుకోబెట్టుకోకూడదు. మంచానికి చెయ్యి అందేంత దూరంలో బిడ్డకు వేరే పక్క వేయండి.

పల్లెల్లో కింద పడుకోవడం గురించి కూడా చెప్పాలి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, కింద పడుకున్నవాళ్లను నిద్రలోనే కాటేస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా సరిగా కనపడదు. తెల్లారి కడుపునొప్పి అంటారు, కనురెప్పలు వాలిపోతాయి. అప్పటికే ఆలస్యం అవుతుంది. మంచం, దాని మీద అంచులు పరుపు కిందకి దోపిన దోమతెర ఉంటే పాముకూ రాత్రిపూట కుట్టే దోమకూ రెండింటికీ అడ్డు. డబ్బు కొంచెమే ఉంటే, నేనైతే అందమైన పరుపు కన్నా ముందు మంచం, దోమతెర కొనమంటాను.

మంచం పక్కన గూట్లో పెట్టుకునే మాత్రల డబ్బా మన పెద్దవాళ్లందరికీ ఉంటుంది. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్ర ఒక్కటి మింగినా చిన్నపిల్లల్లో షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. ఆ డబ్బా ఇకమీదట బీరువాలో, తాళం వేసి ఉండాలి.

పెద్దవాళ్ల నిద్ర సంగతి ఎవరూ అడగరు. పెద్దమ్మ తన మంచం పాపకిచ్చేసి కింద పడుకోవడం మొదలుపెట్టింది. మోకాళ్లు అరిగిన మనిషి. రాత్రి రెండుసార్లు బాత్రూమ్‌కి లేవాలి, లేచేటప్పుడు గోడ పట్టుకోవాలి, చీకట్లో పిల్లాడి కాళ్లు తగలకుండా దాటాలి. ఒకరోజు తూలి గడప మీద పడింది. చెయ్యి విరగలేదు, వాచింది అంతే. ఆమె మంచాన పడితే పిల్లల్ని చూసేదెవరు? ముసలివాళ్లు కింద పడుకొని చేసే త్యాగం వల్ల ఈ ఇంట్లో ఎవరికీ మేలు జరగదని ఆవిడతో గట్టిగా చెప్పాను. పాత సామాన్ల కొట్టులో ఒక సింగిల్ కాట్ కొన్నాం, బాత్రూమ్ దారిలో చిన్న రాత్రి దీపం పెట్టాం.

డబ్బు విషయం తొందరగా చెప్పేస్తాను. తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర పెరిగే పిల్లలకు కేంద్ర ప్రభుత్వ మిషన్ వాత్సల్య పథకం కింద స్పాన్సర్‌షిప్ ఉంది. ఒక్కో బిడ్డకు నెలకు రూ.4,000. కుటుంబ వార్షికాదాయం పల్లెల్లో రూ.72,000, పట్టణాల్లో రూ.96,000 దాటకూడదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు చేయాలి. అంగన్‌వాడీ టీచరును అడిగితే ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. మంచాలు, పరుపులు కొన్న బిల్లులు, పిల్లల బడి రసీదులు అన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి. సంరక్షకులు పిల్లల పేరున ఉన్న డబ్బు వాడితే కోర్టు లెక్క అడగవచ్చు.

ఒకసారి కుదిర్చిన పక్కలు అలాగే ఉండిపోవు. పాపకిప్పుడు పద్నాలుగేళ్లు. రాత్రి పదకొండు దాకా చదువుకుంటానంటుంది. లైటు ఉంటే పెద్దమ్మకు నిద్ర పట్టదు. మొన్న వేసవిలో మళ్లీ అందరం కూర్చుని కొలుచుకున్నాం. పెద్దనాన్న మంచం హాల్లో పిల్లాడి పక్కకు వచ్చింది, పెద్దమ్మది మధ్య గదిలో గోడ అవతలివైపుకి జరిగింది, పాప మంచానికి తలవైపు క్లిప్పుతో బిగించే చిన్న లైటు పెట్టాం. పిల్లాడు తన మంచం ఒక్కటీ కదపొద్దన్నాడు. కిటికీ కిందే ఉంచాం.